లైసెన్సు కార్డు మీద తేదీ ఎప్పుడైనా చూశారా?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను చేబ్రోలు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. ఇంటి నుంచి బడికి దాదాపు పదిహేను కిలోమీటర్లు. ఇరవై ఏళ్లుగా ఆ దారిలో స్కూటీ మీదే వెళ్లొస్తున్నాను. హెల్మెట్ లేకుండా గడప దాటను. పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఎప్పటికప్పుడు కట్టి, కాగితాలు డిక్కీలో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటాను. అంత జాగ్రత్తగా ఉండే నేను 14 నెలల పాటు చెల్లని లైసెన్సుతో బండి నడిపాను. నాకు తెలియకుండానే నడిపాను. మన జిల్లాలో నాలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉండి ఉంటారన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైంది, మన్నించాలి.

2024 ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం లాడ్జి సెంటర్ దగ్గర బళ్లు ఆపి చూస్తున్నారు. నన్నూ ఆపారు. నేను ధైర్యంగా పర్సులోంచి కార్డు తీసి ఇచ్చాను. ఆ కానిస్టేబుల్ కుర్రవాడు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి, "మేడం, ఇది పోయిన ఏడాది జూన్‌లోనే అయిపోయింది, చూసుకోలేదా?" అన్నాడు. నేను నమ్మలేదు. "నేను 2004లో తీసుకున్నానయ్యా, 20 ఏళ్లు ఉంటుంది, ఈ ఏడాది చివరి దాకా టైముంది" అన్నాను. అతను వేలు పెట్టి తేదీ చూపించాడు. 2023 జూన్. నా పుట్టినరోజుకి ముందు రోజు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. మన ఇళ్లల్లో ఒక లెక్క పాతుకుపోయింది, లైసెన్సు అంటే ఇరవై ఏళ్లు అని. 1988 మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణకి ముందు ఉన్న మాట అది ఒక్కటే కాదు. 50 ఏళ్లు నిండని వాళ్లకి ఇచ్చే లైసెన్సు 20 ఏళ్లు, లేదా 50 ఏళ్లు నిండే రోజు వరకు, ఈ రెండిట్లో ఏది ముందొస్తే అంతవరకే. నేను 1973లో పుట్టాను. 31 ఏళ్లప్పుడు లైసెన్సు తీసుకున్నాను. నాకు 50 నిండింది 2023లో. 20 ఏళ్ల లెక్క 2024 దాకా వెళ్లినా, యాభై ఏళ్ల లెక్క ముందే వచ్చి ఆగింది. ఎవరైనా సరే, తీసుకున్న ఏడాదికి 20 కలుపుకుని ధీమాగా ఉండకండి. కార్డు మీద ఏ తేదీ ఉందో అదే తేదీ.

ఆ కుర్రవాడు కేసు రాయకుండా వదిలేశాడు. బండి మాత్రం నడపొద్దన్నాడు. మావారికి ఫోన్ చేసి పిలిపించుకున్నాను. చట్టంలో లైసెన్సు లేకుండా నడిపితే జరిమానా రూ.5,000 అయింది. 2019 సవరణకి ముందు అది రూ.500. అయితే నన్ను బాధించింది జరిమానా సంగతి కాదు. ఆ 14 నెలల్లో మా తెలుగు టీచర్ని రోజూ వెనక ఎక్కించుకుని నారాకోడూరు మీదుగా తీసుకెళ్లాను. పొన్నూరు రోడ్డు మీద ఉదయం పూట ఎంత మంది పిల్లలు సైకిళ్ల మీద బళ్లకి వస్తారో మీకు తెలుసు. ఏ పిల్లవాడికైనా నా బండి తగిలి ఉంటే? ఇన్సూరెన్స్ కట్టాం కదా అనుకుంటాం. లైసెన్సు అయిపోయి ఉంటే, దెబ్బ తగిలిన వాళ్లకి కంపెనీ చేత ముందు డబ్బు ఇప్పించి, తరవాత ఆ మొత్తం బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మన బండికి జరిగిన నష్టానికైతే కంపెనీ మొండిచెయ్యి చూపిస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం సెలవు పెట్టి రెన్యువల్ పనిలో పడ్డాను. అప్పుడు తెలిసిన సంగతులు రాస్తాను. గడువు తేదీకి ఒక ఏడాది ముందు నుంచి, గడువు దాటాక ఒక ఏడాది లోపు ఎప్పుడైనా రెన్యువల్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే గడువు దాటాక దరఖాస్తు పెట్టుకోవడానికే ఆ ఏడాది. బండి నడపడానికి కాదు. పూర్వం గడువు అయ్యాక కూడా 30 రోజుల పాటు లైసెన్సు చెల్లేది. 2019 సవరణలో ఆ 30 రోజులు తీసేశారు. గడువు తేదీ మర్నాటి నుంచి బండి తాళం ముట్టుకోకూడదు. ఇక ఏడాది దాటిందంటే, మళ్లీ డ్రైవింగ్ టెస్టు పాస్ కావలసిందే. నేను ఏడాది దాటి రెండు నెలలైంది. కాబట్టి టెస్టు రాసిపెట్టి ఉంది. పైగా ఆలస్య రుసుము వేరే. వేళకి వెళ్లి ఉంటే రెన్యువల్ ఫీజు రూ.200. ఆలస్యమైతే ఏడాదికో, అందులో కొంత భాగానికో వెయ్యి రూపాయల చొప్పున పైన పడుతుంది.

దరఖాస్తు ఆన్‌లైన్లో లైసెన్సు పనులకి ప్రభుత్వం పెట్టిన సారథి పోర్టల్లో పెట్టాను. మా అబ్బాయి ఫోన్లో చెబుతుంటే నేనే చేసుకున్నాను. అది కష్టమేమీ కాదు. అసలు సంగతి మెడికల్ సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. 40 ఏళ్లు దాటిన వాళ్లు ఫారం 1ఏ అనే వైద్య ధ్రువపత్రం పెట్టాలి. డాక్టరు చూసి, పాతిక మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేటు చదవగలరా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, చెవులు వినిపిస్తున్నాయా అని పరీక్షించి సంతకం పెట్టాలి. ఆ ఫారం కొనడానికి ఒక జిరాక్స్ షాపుకి వెళ్లాను. షాపతను ఖాళీ ఫారం ఇవ్వలేదు. డాక్టరు సంతకం, ముద్ర ఉన్న ఫారం ఇస్తానన్నాడు. నా ఫొటో అంటించుకోవడమే మిగిలింది. రెండొందలు ఇవ్వమన్నాడు. "డాక్టరు నన్ను చూడలేదు కదండీ" అంటే, "అందరూ ఇలాగే తీసుకెళ్తున్నారమ్మా, చూసేదేముంది" అన్నాడు. నా ముందే ఇద్దరు తీసుకుని వెళ్లారు. వాళ్లలో ఒకాయన కర్ర సాయంతో నడుస్తున్నారు.

నేను తీసుకోలేదు. అరండల్‌పేటలో మాకు తెలిసిన కళ్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నిజంగా చూశారు. చుక్కలు వేసి, గంటసేపు కూర్చోబెట్టి చూశారు. కుడి కంట్లో శుక్లం మొదలైందన్నారు. ఏడాదిగా రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ లైట్లు నాకు పువ్వులా విచ్చుకుని కనబడేవి. అవి కొత్త ఎల్‌ఈడీ లైట్ల తంటా అనుకుని, లారీల వాళ్లనే తిట్టుకున్నాను. తప్పు నా కంట్లో ఉంది. ఆయన కళ్లజోడు మార్చి, చీకటి పడ్డాక బండి నడపొద్దని చెప్పి, అప్పుడు సంతకం పెట్టారు. 2025 వేసవి సెలవుల్లో ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ రోజు జిరాక్స్ షాపులో రెండొందలు పారేసి వచ్చి ఉంటే నా కంటి సంగతి నాకు తెలిసేది కాదు. ఇంకో పదేళ్లు ఆ కంటితోనే పొన్నూరు రోడ్డు మీద తిరిగేదాన్ని. రవాణా శాఖ అధికారులకి నా మొదటి విన్నపం ఇదే. ఫారం 1ఏ సంతకాలు అమ్మే వ్యాపారాన్ని దయచేసి ఆపించండి. చట్టం రాసిన వాళ్లు ఒక మంచి ఉద్దేశంతో పెట్టిన పరీక్ష అది.

టెస్టు రోజు గురించి ఎక్కువ రాయను. క్యూలో నా ముందు, నా వెనక అందరూ పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల పిల్లలు. ఒకమ్మాయి నా పాత విద్యార్థిని. "టీచర్, మీరేంటి ఇక్కడ?" అంది. జరిగింది చెప్పాను. ఎవరికీ చెప్పుకోలేని తప్పేమీ కాదు అది, చెబితే నలుగురికి ఉపయోగపడుతుంది. ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది కొట్టాను. 2004లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి ముందు కొట్టినప్పుడు ఎంత టెన్షన్ పడ్డానో ఇప్పుడూ అంతే పడ్డాను. పాసయ్యాను. కొత్త లైసెన్సు నాకు 60 ఏళ్లు నిండే వరకు, అంటే 2033 జూన్ దాకా ఇచ్చారు. 2019 సవరణ తరవాత లెక్కలు మారాయి. 30 ఏళ్ల లోపు తీసుకుంటే 40 నిండే వరకు, 30 నుంచి 50 మధ్య అయితే పదేళ్లు, 50 నుంచి 55 మధ్య అయితే 60 నిండే వరకు, 55 దాటితే ఐదేళ్లు. ఆటోలు, లారీలు నడిపే వాళ్ల ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఐదేళ్లకోసారి. ఇప్పుడు కొత్తగా తీసుకునే పిల్లలకి ఇరవై ఏళ్ల లెక్క వర్తించదు. ఇంట్లో పెద్దవాళ్లు తమ కార్డు చూసి పిల్లలకి చెబితే ఆ పిల్లలు కూడా నాలాగే దెబ్బతింటారు.

తేదీ సంగతి ఇంతవరకు. కార్డు మీద చూడాల్సినది ఇంకొకటి ఉంది. అది మా ఆడపడుచు కొడుకు వల్ల తెలిసింది.

వాళ్లు విజయవాడ పటమటలో ఉంటారు. పిల్లవాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2024 ఫిబ్రవరిలో స్నేహితులతో థాయ్‌లాండ్ వెళ్లాడు. వెళ్లే ముందు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అందరూ ఐడీపీ అంటారు, అది తీసుకున్నాడు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా కట్టాడు. మేమంతా పిల్లవాడు ఎంత పద్ధతిగా చేశాడని మెచ్చుకున్నాం. ఫుకెట్‌లో స్కూటర్ అద్దెకి తీసుకుని కొండ దారిలో దిగుతుంటే ఇసుక మీద జారి పడ్డాడు. మోచెయ్యి విరిగింది. అక్కడే ఆపరేషన్ చేశారు. ఆసుపత్రి బిల్లు మన డబ్బుల్లో మూడు లక్షల ఎనభై వేలు. ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. కారణం ఏమిటంటే, ఆ ఐడీపీ పుస్తకంలో "బి" అనే గడిలో మాత్రమే ముద్ర ఉంది. "ఏ" గడి ఖాళీ.

అప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు. నా రెన్యువల్ గొడవ అయ్యాక, ఆ పుస్తకం తెప్పించుకుని కూర్చుని చదివాను. సోషల్ టీచర్ని కాబట్టి ఒప్పందాలంటే కాస్త ఆసక్తి. 1949లో జెనీవాలో రోడ్డు రవాణా మీద ఒక ఒప్పందం జరిగింది. మన దేశం అందులో ఉంది. మన ఐడీపీ ఆ ఒప్పందంలో చెప్పిన నమూనాలోనే ఉంటుంది. బూడిద రంగు అట్ట, లోపల ఒకే సంగతి అనేక భాషల్లో. అందులో ఏ, బి, సి, డి, ఈ అని ఐదు తరగతులు. ఏ అంటే మోటారు సైకిళ్లు. బి అంటే కార్లు. మిగతావి లారీలు, బస్సులు, ట్రైలర్లు. మన లైసెన్సులో ఏముంటే ఐడీపీలో దానికే ముద్ర వేస్తారు. మా ఆడపడుచు కొడుకు ఇరవై ఏళ్లప్పుడు కారు నేర్చుకుని, కార్లకి ఇచ్చే ఎల్‌ఎంవీ ఒక్కటే తీసుకున్నాడు. బైకు ఎప్పటినుంచో నడుపుతున్నా, దానికి విడిగా టెస్టు ఇవ్వలేదు. "కారు లైసెన్సు ఉంటే బైకుకి కూడా సరిపోతుంది" అని ఇంట్లో అందరం అనుకున్నాం. సరిపోదు. ఇక్కడ కూడా సరిపోదు. మన కార్డు మీద గేరున్న బైకుకి ఎంసీడబ్ల్యూజీ అని, కారుకి ఎల్‌ఎంవీ అని విడివిడిగా ఉంటాయి. ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఆరేళ్లు గడిచిపోయింది. అక్కడ ఆ ఒక్క అక్షరం దగ్గర మూడు లక్షల ఎనభై వేలు పోయింది. వాళ్ల నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి కట్టారు. ఆ పిల్లవాడు నాతో, "అత్తా, కార్డు ఇచ్చినప్పుడే నీకు బైకు లేదు బాబూ అని ఒక్కరు చెప్పినా నేను ఆ స్కూటర్ ముట్టుకునేవాణ్ని కాదు" అన్నాడు.

అదే ఏడాది డిసెంబరులో మా అబ్బాయి వియత్నాం బయల్దేరాడు. ఉత్తరాన హాజాంగ్ అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ మూడు నాలుగు రోజులు బైకుల మీద తిరగడం ఇప్పుడు పిల్లలకి పెద్ద కోరిక. వాడి కార్డు ముందు నేను చూశాను. ఎంసీడబ్ల్యూజీ ఉంది, ఎల్‌ఎంవీ ఉంది, తేదీ ఉంది. గుండె కుదుటపడింది. వాడి చిరునామా గుంటూరుది కాబట్టి ఐడీపీ ఇక్కడే తీసుకోవాలి. ఒక ఏజెంటు నాలుగున్నర వేలు అడిగాడు. "ఈ పుస్తకం చేతిలో ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా బండి తోలుకోవచ్చు" అన్నాడు. ప్రభుత్వ ఫీజు వెయ్యి రూపాయలు. ఫారం 4ఏ నింపి, లైసెన్సు, పాస్‌పోర్టు పెట్టి మేమే చేయించుకున్నాం. 2021 జనవరిలో కేంద్రం నియమాలు మార్చి, ఐడీపీకి వీసా, మెడికల్ సర్టిఫికెట్ చూపించాలన్న షరతు తీసేసింది. ఆ సంగతి తెలియక చాలామంది వీసా వచ్చే దాకా ఆగి, చివరి వారంలో ఏజెంట్ల కాళ్లావేళ్లా పడుతున్నారు. 2022 ఆగస్టు నుంచి దేశమంతా ఒకే నమూనా, దాని మీద క్యూఆర్ కోడ్.

పుస్తకం వచ్చింది. "ఏ" గడిలో ముద్ర కూడా ఉంది. అయినా మనసు ఒప్పక, వాడి ఇన్సూరెన్స్ పాలసీ చదివాను. ఏ దేశంలో నడుపుతారో ఆ దేశంలో చెల్లే లైసెన్సు ఉండాలి అని రాసి ఉంది. అక్కడి నుంచి ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, వియత్నాం ఉన్నది 1949 ఒప్పందంలో కాదు. 1968లో వియన్నాలో జరిగిన ఇంకో ఒప్పందంలో. ఆ ఒప్పందం ప్రకారం ఇచ్చిన ఐడీపీలనే వాళ్లు గుర్తిస్తారు. మనది 1949 నాటిది. అంటే మా అబ్బాయి చేతిలో ఉన్న పుస్తకం అక్కడ చెల్లదు. థాయ్‌లాండ్‌లో చెల్లుతుంది, వియత్నాంలో చెల్లదు. రెండూ దగ్గరదగ్గర దేశాలే. పైగా థాయ్‌లాండ్‌లో మనలాగే ఎడమ పక్క నడుపుతారు, వియత్నాంలో కుడి పక్క. మలుపులో కంగారు పడితే చెయ్యి పాత అలవాటు వైపే పోతుంది.

బళ్లు అద్దెకిచ్చే అతన్ని మా వాడు మెసేజీలో అడిగితే, "ఏం ఫరవాలేదు, ఎవరూ అడగరు" అని జవాబిచ్చాడు. బండి అద్దెకిచ్చేవాడికి అద్దె వస్తే చాలు. కొండ మలుపులో పడితే ఆసుపత్రి బిల్లు అతను కట్టడు. ఇంట్లో రెండు రోజులు వాదన జరిగింది. వాడు, "అమ్మా, వేల మంది నడుపుతున్నారు" అన్నాడు. నేను మా ఆడపడుచు కొడుకు మోచేతి ఎక్స్‌రే చూపించాను. చివరికి ఒక దారి దొరికింది. అక్కడ స్థానిక డ్రైవర్లే బైకు నడుపుతారు, మనం వెనక కూర్చోవాలి. ఈజీ రైడర్ అంటారట. నలుగురు పిల్లలూ అలాగే వెళ్లారు. అక్కడి "మా పీ లెంగ్" అనే కనుమ దగ్గర నుంచి నాకు వీడియో కాల్ చేశాడు. వెనక కూర్చోవడం వల్ల లోయనీ నదినీ తనివితీరా చూశానని చెప్పాడు.

మన గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ వెళ్లని దేశం లేదు. నా పాత విద్యార్థులే పది దేశాల్లో ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులు ఈ మధ్య నన్ను అడుగుతున్నారు కాబట్టి, నాకు తెలిసినంత వరకు రాస్తాను. ఐడీపీ ఒక్క ఏడాదికే, అంతకన్నా ముందే లైసెన్సు అయిపోతే అప్పటి వరకే. ఒరిజినల్ లైసెన్సు పక్కన ఉంటేనే దానికి విలువ. విదేశంలో ఉండగా ఐడీపీ అయిపోతే అక్కడి మన రాయబార కార్యాలయం ద్వారా మళ్లీ తీసుకునే వీలు ఆ 2021 మార్పుల్లో కల్పించారు. బ్రిటన్‌లో మన లైసెన్సుతో, అందులో ఉన్న తరగతుల వరకు, వెళ్లిన రోజు నుంచి 12 నెలలు నడపవచ్చు. తరవాత అక్కడి టెస్టు పాస్ కావాలి. దుబాయ్‌లో చుట్టపుచూపుగా వెళ్లిన వాళ్లకి ఐడీపీ పనికొస్తుంది. ఉద్యోగం వీసా మీద అక్కడ ఉండే వాళ్లకి పనికిరాదు, అక్కడి లైసెన్సే తీసుకోవాలి. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. శ్రీలంకలో మన ఐడీపీ ఉన్నా అక్కడి వాళ్ల అనుమతి కాగితం ఇంకొకటి కావాలి. నేపాల్, భూటాన్‌లకి మాత్రం మన లైసెన్సే చాలు. మా బడి పీఈటీ గారు సొంత బైకు మీద నేపాల్ వెళ్లొచ్చారు. బండికి సరిహద్దులో భన్సార్ అనే సుంకం రోజుల లెక్కన కట్టారు, అంతే.

ఇదంతా తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇంగ్లీషు చదవడం వచ్చిన, ఇంట్లో ఇంటర్నెట్ ఉన్న, సెలవు పెట్టుకోగలిగిన ఉద్యోగినికి మూడు నెలలు. చుట్టుగుంటలో మిర్చి యార్డుకి బస్తాలు మోసే ట్రాలీ ఆటో డ్రైవర్‌కి ఎన్నాళ్లు పడుతుంది? రోజు కూలి మానుకుని ఎన్నిసార్లు తిరుగుతాడు? అందుకే అధికారులను అడుగుతున్నాను. కరెంటు బిల్లుకి మెసేజీ వస్తుంది. గ్యాస్ బండకి వస్తుంది. లైసెన్సు గడువు ముగిసే ముందు నాకు ఒక్క మెసేజీ రాలేదు. 2004లో ఇచ్చిన లైసెన్సుకి నా ఫోన్ నంబరు ఎక్కడా జత కాలేదు. పాత లైసెన్సులు ఉన్నవాళ్లు సచివాలయానికి వెళ్లి నంబరు జత చేసుకునే ఏర్పాటు చేయండి. గడువుకి ఏడాది ముందు ఒకసారి, నెల ముందు ఒకసారి తెలుగులో మెసేజీ పంపండి. రెన్యువల్‌కి ఏడాది ముందు నుంచే వీలుంది కాబట్టి తొందరపడి చెప్పినట్టూ కాదు.

కార్డు చేతికిచ్చేటప్పుడు, దానితో పాటు తెలుగులో ఒక చీటీ ఇవ్వండి. ఈ లైసెన్సుతో ఏ బండి నడపవచ్చు, ఏది నడపకూడదు, ఎప్పటి వరకు. మూడు వాక్యాలు. ఐడీపీ ఇచ్చే కౌంటర్ దగ్గర, ఇది ఏ ఒప్పందం కింద ఇచ్చినది, మీరు వెళ్లే దేశం దాన్ని గుర్తిస్తుందో లేదో చూసుకోండి అని ఒక బోర్డు పెట్టండి. కౌంటర్‌లో కూర్చునే గుమాస్తాలకి రోజంతా తల ఎత్తే తీరిక ఉండదని నాకు తెలుసు. బోర్డు రాయించి పెడితే వాళ్ల నోటికి కూడా శ్రమ తగ్గుతుంది.

సంపాదకుల వారికి కూడా ఒక మనవి. మీ జిల్లా పేజీలో వారానికి ఒకసారి చిన్న గడి కట్టి, ఈ గడువు లెక్కలు వేయండి. పత్రికలో అచ్చయిన మాటని మా ఊళ్లల్లో కత్తిరించి గోడకి అంటించుకుంటారు.

నా వంతుగా నేను చేస్తున్నది ఒకటుంది. తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక ఇంటిపని ఇచ్చాను. ఇంట్లో ఎవరెవరికి లైసెన్సు ఉందో అడిగి, కార్డు మీద తేదీ, బండి తరగతి చూసి నోట్‌బుక్కులో రాసుకురమ్మన్నాను. మర్నాడు ఏడుగురు పిల్లలు గడువు దాటిన తేదీలు రాసుకొచ్చారు. ఇంకో పాప వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఆయనకి ఇంకా 19 రోజులు మిగిలాయి. ఆ సాయంత్రం ఆయన బడికే వచ్చాడు. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని సారథిలో దరఖాస్తు పెట్టించాం. డాక్టరు దగ్గరికి మాత్రం నిజంగా వెళ్లమని చెప్పాను. వెళ్లాడు. పోయిన వారం ఆ పాప కొత్త తేదీ అదే నోట్‌బుక్కులో పాత తేదీ కింద రాసి తెచ్చి చూపించింది.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
బ్రాడీపేట, గుంటూరు